కర్ర పక్కన పెట్టాకే మచ్చిక

మందుపాతరను పసిగట్టే ఎలుక, పరీక్ష కోసం తొండం చాచే ఏనుగు, గోళ్లు కత్తిరించే వేళ తనే కాలు అందించే కుక్క. వీటిని కొట్టి దారికి తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. గుప్పెడు తిండి, కొండంత ఓపిక, సమయానికి ఒక చిన్న శబ్దం. జంతువుల శిక్షణలో నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన చివరికి ఇక్కడికే వచ్చి ఆగింది. మన రైతు భాషలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది.

కంబోడియాలో ఒకప్పుడు యుద్ధం నడిచిన పొలం. అటొకరు, ఇటొకరు మనుషులు. ఇద్దరి మధ్య నేలకు దగ్గరగా లాగి పట్టిన తాడు. ఆ తాడుకు తగిలించిన పట్టీతో కిలోకు పైగా బరువున్న ఒక ఎలుక, ముక్కు మట్టికి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. ఒకచోట ఆగుతుంది. కాళ్లతో నేలను గీరుతుంది. అంటే అక్కడ మందుపాతర ఉందన్నమాట. దాని బరువుకు పాతర పేలదు. ఇనుప మేకు, తుప్పుపట్టిన డబ్బా లాంటివి ఎదురైనా అది ఆగదు. పేలుడు పదార్థం వాసన ఒక్కటే దానికి లెక్క. టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చూసేస్తుంది. లోహాన్ని కనిపెట్టే యంత్రంతో మనిషి అదే పని చేయాలంటే రోజులు పడతాయి.

ఈ ఎలుకలకు తర్ఫీదు ఇస్తున్న సంస్థ పేరు అపోపో. 1997లో బెల్జియంలో మొదలై టాంజానియాలోని మొరొగొరోలో స్థిరపడింది. అక్కడ తయారైన మగావా అనే ఎలుక అయిదేళ్ల ఉద్యోగంలో వందకు పైగా మందుపాతరలను, పేలని గుండ్లను పట్టించింది. రెండు లక్షల పాతికవేల చదరపు మీటర్ల నేలను మనుషులు నడిచేలా చేసింది. సాహసించిన జంతువులకు పతకాలిచ్చే బ్రిటన్ సంస్థ పీడీఎస్‌ఏ 2020లో దానికి బంగారు పతకం ఇచ్చింది. ఎలుకకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2021లో పదవీ విరమణ చేసి, 2022 జనవరిలో కన్నుమూసింది.

మగావాకు ఈ చదువు ఎలా వచ్చింది? మొదట మనుషుల చేతుల్లో భయం లేకుండా ఉండటం. తర్వాత ‘టిక్’ అన్న శబ్దం వినిపిస్తే అరటిపండు ముక్కో, వేరుశెనగ గింజో వస్తుందని తెలియడం. ఆపైన పేలుడు పదార్థం వాసన దగ్గర ముక్కు కాసేపు నిలిపితేనే టిక్ వినిపించడం. ఇలా అంచెలంచెలుగా తొమ్మిది నెలల చదువు. కడపట పరీక్ష. అందులో ఒక్క పాతరను వదిలేసినా పొలంలోకి పంపరు.

ఇదంతా కర్రతో ఎందుకు కుదరదు? నేల గీరేలా ఎలుకను భయపెట్టడం కష్టమేమీ కాదు. కానీ భయపడిన ఎలుక ఎక్కడపడితే అక్కడ గీరుతుంది, లేదంటే ముడుచుకుని కూర్చుంటుంది. అది గీరినచోటు నిజమో కాదో మనకు తెలిసే దారి ఉండదు. తప్పు గుర్తు పెడితే మనిషి కాలు పోతుంది. అందుకే అక్కడ దయ అన్నది మెత్తని మనసున్నవాళ్ల ముచ్చట కాదు, పనికి కావలసిన పనిముట్టు.

మరిగితేనే మరిపినట్టు

మన భాషలో జంతువును దారికి తేవడానికి రెండు జాతుల మాటలున్నాయి. ఒకటి లొంగదీయడం, అణచడం, పొగరు దించడం. రెండోది మచ్చిక చేసుకోవడం, మాలిమి చేసుకోవడం. మచ్చిక అంటే అసలు అర్థం చనువు, ప్రీతి. మాలిమి అన్నా స్నేహమే. అడవిదాన్ని ఇంటిదాన్ని చేసే పనికి మనవాళ్లు ఎంచుకున్న పేరు స్నేహం.

ఇంకో మాట దుక్కి చేలో పుట్టింది. కోడెను కాడికి అలవాటు చేయడాన్ని ‘మరపడం’ అంటారు. ‘రుచి మరిగింది’ అంటామే, ఆ మరగడమే ఇదీ. తనంతట తాను ఇష్టపడి అలవాటు పడితే మరగడం. అలా అయ్యేలా చేస్తే మరపడం.

తెలిసిన రైతు కోడెను ఒక్కరోజులో నాగలికి కట్టడు. మొదట మెడమీద ఉత్త కాడి పెట్టి ఆ బరువు అలవాటు చేస్తాడు. తర్వాత ఒక దుంగ కట్టి ఇసుకలోనో దున్నిన నేలలోనో లాగిస్తాడు. ఆ తర్వాత పక్కన పాత ఎద్దును కడతాడు. దాపట ఎద్దుకు అన్నీ తెలుసు. ఎక్కడ తిరగాలో, ఏ కేకకు ఆగాలో, చాలు చివర ఎంత నెమ్మదించాలో. వలపట కట్టిన కోడె దాన్ని చూసి, దాని మెడ ఒరిపిడిని బట్టి నేర్చుకుంటుంది. కాసేపటికే కాడి దించి, మెడ నిమిరి, ఇంత చిట్టో తవుడో పెడతారు. రేపు మళ్లీ. చిన్న మెట్లు, తక్కువ సమయం, వెంటనే ప్రతిఫలం, పక్కన ఒక గురువు. ఇవాళ జంతు శిక్షకుల పుస్తకాల్లో కనిపించే సూత్రాలన్నీ ఆ ఇసుక నేలలోనే ఉన్నాయి.

అలాగని మన ఊళ్లలో అంతా మచ్చికే నడిచిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ముకుతాడు మన పనిముట్టే. ములుగర్ర, చెర్నాకోల మనవే. కదలని ఎద్దు తోక మెలిపెట్టే చేతులూ మనవే. ‘దండం దశగుణం భవేత్’ అని సంస్కృతంలో, ‘దెబ్బకు దెయ్యం వదులుతుంది’ అని తెలుగులో సామెతలు పెట్టుకుని ఎద్దుల మీదే కాదు, బడిపిల్లల మీదా ప్రయోగించాం. మచ్చిక, దండం రెండూ ఒకే ఇంటి చూరులో దోపుకున్నవే. ఏది పనిచేస్తుందన్నదే ప్రశ్న.

పాడి దగ్గర మాత్రం ఆ ప్రశ్నకు జవాబు ఏనాడో తెలిసింది. పాలు పితికేవాళ్లకు ‘చేపు’ అన్న మాట తెలుసు. దూడ మూతి తగిలాకో, పొదుగు కడిగి నిమిరాకో పాలు దిగుతాయి. అప్పుడు ఆవు చేపిందంటారు. కొత్త మనిషి వచ్చినా, కుక్క మీదికొచ్చినా, ఎవరైనా కసిరినా చేపదు. దీని వెనకున్న సంగతిని శాస్త్రం తర్వాత వివరించింది. పాలను కిందికి దించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. భయపడినప్పుడు పుట్టే ఎడ్రినలిన్ దాని పనికి అడ్డుపడుతుంది. 2009లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 516 మంది పాడి రైతులను అడిగి చూశారు. ఆవులను పేరుపెట్టి పిలిచే రైతుల దగ్గర ఒక్కో ఆవు ఏడాదికి సగటున 258 లీటర్లు ఎక్కువ ఇస్తోందని తేలింది. పేరులో పాలు లేవు. ప్రతి ఆవునూ విడిగా గుర్తుపట్టే మనిషి దాని దగ్గర మెలిగే తీరులో ఉన్నాయి. గౌరి, లక్ష్మి అని పిలుచుకునే ఇళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

పిల్లి, పావురం, ఈల

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే యువ పరిశోధకుడు 1898లో పిల్లులను చెక్కపెట్టెల్లో పెట్టి చూశాడు. లోపల ఒక మీట. దాన్ని తాకితే తలుపు తెరుచుకుంటుంది. బయట తిండి. మొదటిసారి పిల్లి గీరి, కొరికి, అటూఇటూ దూకి పొరపాటున మీట తాకుతుంది. ఒక్కోసారీ ఆ వెతుకులాట తగ్గుతూ వచ్చి, చివరకు పెట్టెలో పెట్టగానే నేరుగా మీట దగ్గరికే వెళుతుంది. మేలు జరిగిన పనిని జంతువు మళ్లీ చేస్తుందని ఆయన సూత్రం రాశాడు. కీడు జరిగిన పనిని అదే బలంతో మానేస్తుందనీ మొదట అన్నాడు. 1930ల నాటికి మరిన్ని ప్రయోగాలు చేశాక ఆ రెండో సగాన్ని ఆయనే సవరించుకున్నాడు. ప్రతిఫలం అలవాటును గట్టిపరిచినంతగా శిక్ష దాన్ని తుడిచేయలేదని తేలింది. త్రాసులో రెండు పళ్లాలూ సమానం కావన్నమాట.

1943లో ఆ దారినే మరో మలుపు. మినియాపొలిస్‌లోని ఒక పిండిమిల్లు పై అంతస్తులో మనస్తత్వ శాస్త్రవేత్త బీఎఫ్ స్కిన్నర్, ఆయన శిష్యులు యుద్ధ అవసరం కోసం పావురాలకు తర్ఫీదు ఇస్తున్నారు. బాంబును గురివైపు నడిపించే పని వాటికి అప్పగించాలన్నది ఆలోచన. ఆ పథకం చివరికి అమలు కాలేదు. కానీ ఒకరోజు తీరిక దొరికి, పావురానికి బంతాట నేర్పుదామనుకున్నారు. ముక్కుతో కొయ్యబంతిని కొడితే గింజలు వేయాలని కాచుకు కూర్చున్నారు. పావురం కొట్టలేదు. ఎంతసేపు చూసినా లాభం లేకపోయింది. అప్పుడు పద్ధతి మార్చారు. బంతివైపు చూస్తే చాలు, గింజ. ఒక అడుగు వేస్తే గింజ. ముక్కు తాకితే గింజ. కొన్ని నిమిషాల్లోనే పావురం బంతిని పెట్టె గోడలకేసి కొట్టడం మొదలుపెట్టింది.

పూర్తి పని చేసేదాకా ఎదురుచూడటం ఓపిక కాదని ఆ పావురం చెప్పింది. పనివైపు వేసిన మొదటి అడుగును గుర్తించడమే ఓపిక. ఇవాళ కుక్కకు ‘కూర్చో’ నేర్పినా, ఖడ్గమృగానికి సూది వేయించుకోవడం నేర్పినా వాడేది ఈ పద్ధతే.

ఆ పిండిమిల్లులో పనిచేసిన కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు విశ్వవిద్యాలయం వదిలి జంతు శిక్షణనే వృత్తిగా తీసుకున్నారు. కోళ్లు, కుందేళ్లు, పందులు అన్నింటికీ నేర్పారు. వాళ్లు గట్టిగా నొక్కి చెప్పిన విషయం సమయం. జంతువు సరైన పని చేసిన క్షణానికీ తిండి నోటికందే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు దాటితే, ఏ పనికి తిండి వచ్చిందో దానికి అర్థం కాదు. అందుకే మధ్యలో ఒక శబ్దం పెట్టారు. ‘ఇదిగో, ఇదే’ అని ఆ క్షణానికి ముద్ర వేసే శబ్దం. ఎలుక విన్న టిక్ అదే.

ఆ శబ్దం విలువ పూర్తిగా తెలిసింది నీళ్లలో. 1963లో హవాయిలోని సీ లైఫ్ పార్కులో డాల్ఫిన్లకు నేర్పే పని కేరెన్ ప్రయర్ మీద పడింది. గుర్రానికి కళ్లెం ఉంది. కుక్కకు గొలుసు ఉంది. డాల్ఫిన్‌కు ఏముంది? కోప్పడితే ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లిపోతుంది. కొడదామంటే చేతికి చిక్కదు. శిక్షకురాలి దగ్గర మిగిలింది ఒక ఈల, బకెట్టు నిండా చేపలు. అవి రెండే చాలని తేలింది. మలియా అనే డాల్ఫిన్ దగ్గర ఆమె బృందం ఇంకో అడుగు వేసింది. పాత విన్యాసాలకు చేప ఇవ్వడం మానేసి, అంతకుముందు చేయని కొత్తదేదైనా చేస్తేనే ఈల వేశారు. కొద్దిరోజులు తికమకపడిన మలియా ఆ తర్వాత ఎవరూ నేర్పని గెంతులు, పల్టీలు తనే కల్పించడం మొదలుపెట్టింది. 1969లో అచ్చయిన ఆ అధ్యయనం ఇప్పటికీ చర్చలో ఉంది. దెబ్బకు భయపడే జంతువు కొత్త పని చేయడానికి సాహసించదు. కొత్తది చేస్తే ఏమవుతుందోనన్న జంకు దాన్ని తెలిసిన పనికే కట్టేస్తుంది.

1984లో ప్రయర్ రాసిన పుస్తకం ఈ పద్ధతిని కుక్కల యజమానుల ఇళ్లలోకి తెచ్చింది. ఈల స్థానంలో చేతిలో ఇమిడే ‘క్లిక్కర్’ వచ్చింది. ప్రపంచం నలుమూలలా కుక్కల శిక్షకుల జేబుల్లో ఇవాళ కనిపించేది అదే.

దెబ్బ ఏం నేర్పుతుంది?

కొడితే జంతువు మాట వినదా అంటే వింటుంది. అందుకే కర్ర ఇంతకాలం బతికింది. కొట్టగానే కుక్క మొరగడం ఆపుతుంది. ఆ ఆపడంలో మనకు ప్రతిఫలం దొరుకుతుంది. మళ్లీ కర్ర అందుకుంటాం. థార్న్‌డైక్ పిల్లి మీట నొక్కినట్టే. కానీ కుక్క నేర్చుకున్నదేమిటో చూడాలి. ‘మొరగకూడదు’ అనా, ‘ఈ మనిషి చేతిలో కర్ర ఉన్నప్పుడు మొరగకూడదు’ అనా?

2020లో పోర్చుగల్ పరిశోధకులు దీన్నే కొలిచారు. ఏడు శిక్షణ కేంద్రాల్లోని 92 పెంపుడు కుక్కలను ఎంచుకున్నారు. కొన్ని కేంద్రాల్లో బహుమతులతో, కొన్నింట్లో గొలుసు లాగడం, గద్దించడం వంటి పద్ధతులతో నేర్పుతారు. పాఠం ముందూ తర్వాతా కుక్కల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును చూశారు. శిక్షలతో నేర్చుకున్న కుక్కల్లో పాఠం అయ్యాక అది ఎక్కువగా పెరిగింది. పెదాలు నాక్కోవడం, ఆవలించడం వంటి ఆందోళన గుర్తులూ వాటిలోనే ఎక్కువ.

ఇంకో పరీక్ష ఇంకా తెలివైనది. గదిలో ఒక మూల గిన్నె పెడితే అందులో తిండి ఉంటుందని, మరో మూల పెడితే ఉండదని కుక్కలకు అలవాటు చేశారు. ఆ తర్వాత గిన్నెను మధ్యలో పెట్టారు. ఉందో లేదో తెలియని చోటు. బహుమతులతో పెరిగిన కుక్క ఉంటుందనుకుని పరుగెత్తింది. తీవ్రమైన శిక్షలతో నేర్చుకున్న కుక్క ఉండదనుకున్నట్టు నెమ్మదిగా కదిలింది. పాఠం అయిపోయినా, కర్ర కనబడకపోయినా, లోకం మీద దాని నమ్మకం తగ్గిపోయి ఉంది.

కర్రకు చాన్నాళ్లు అండగా నిలిచిన సిద్ధాంతం ఒకటుంది. కుక్కలు తోడేళ్ల సంతతి, తోడేళ్ల గుంపులో పోట్లాడి గెలిచిన ఒక ‘ఆల్ఫా’ మిగతావాటిని అణచి ఉంచుతుంది, కాబట్టి ఇంట్లో యజమానే ఆల్ఫా కావాలి అన్నది ఆ వాదం. దాని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు స్విట్జర్లండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో, ఒకే ఆవరణలో కలిపి ఉంచిన తోడేళ్ల మీద చేసిన పరిశీలన. 1970లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ రాసిన పుస్తకం దాన్ని లోకమంతా చాటింది. ఆ తర్వాత మీచ్ కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఎన్నో వేసవులు అడవి తోడేళ్ల మధ్య గడిపాడు. అక్కడ ఆయనకు కనిపించిన గుంపు ఒక కుటుంబం. తల్లి, తండ్రి, పిల్లలు. పెత్తనం కోసం పోరాటం లేదు, పెంపకం ఉంది. 1999లో ఆయన తన పాత మాటను సవరిస్తూ వ్యాసం రాశాడు. ఆ పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను కోరాడు. శాస్త్రవేత్త తన తప్పు దిద్దుకున్నాడు. వీధి చివర శిక్షకుడు మాత్రం ఇంకా కుక్కను వెల్లకిలా పడేసి, ‘ఎవరు బాసో తెలియాలి’ అంటూనే ఉన్నాడు.

రాతి మీద, చట్టంలో

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు వాటి మీద ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని ఒక శాసనం చెబుతుంది. పక్కనే మరో చిన్న శాసనం. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, సత్యం పలకాలి అన్న బోధ అది. ఆ బోధ ఎవరెవరికి చేయాలో కూడా చెప్పింది. ఆ వరుసలో ఏనుగులను నడిపేవారు ఉన్నారు, లేఖకులు ఉన్నారు. చక్రవర్తి దయ గురించి చెప్పదలచినప్పుడు చేతిలో అంకుశం ఉన్నవాణ్ని విడిచిపెట్టలేదు.

స్వతంత్ర భారతంలో ఆ పని కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ ఎత్తుకున్నారు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక జంతుహింసను అరికట్టే బిల్లు కోసం పట్టుబట్టారు. దాని ఫలితంగా 1960లో చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టం కింద 1998లో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆడించడాన్ని కేంద్రం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కస్ గుడారాల్లో పులి నిప్పుల చక్రంలోంచి దూకడం అలా ఆగింది.

ఎలుగుబంటిని ఊళ్లోకి తెచ్చినప్పుడు పిల్లలకు జడుపు పోవాలని దాని మీద కూర్చోబెట్టి, వెంట్రుక తాయెత్తు కట్టించుకున్న తరం మన మధ్య ఇంకా ఉంది. ఆ ఎలుగు ఆట వెనక ఏముందో అప్పుడు ఎవరూ అడగలేదు. పిల్లగా ఉన్నప్పుడే తల్లినుంచి వేరుచేసి, మూతి మీద కాల్చిన సూదితో కన్నం పొడిచి తాడు దూర్చేవారు. తాడు లాగితే నొప్పి. నొప్పికి లేచి నిలబడితే చూసేవాళ్లకు నాట్యం. 2002 నుంచి ఆ ఎలుగుబంట్లను ఆగ్రా దగ్గరి సంరక్షణ కేంద్రానికి చేర్చడం మొదలైంది. ఆడించి బతికే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపుతూ సాగిన ఆ పనిలో, 2009 నాటికి ఆఖరి ఎలుగు ముకుతాడు కూడా తెగింది. ఆ కుటుంబాలను జైల్లో పెట్టి ఊరుకుంటే ఇది జరిగేది కాదు. తాడు వదిలాక మనిషి కూడా బతకాలి కదా.

మీ ఇంట్లో మొదలుపెట్టాలంటే

*మీ కుక్కకు నచ్చే ‘గింజ’ ఏదో తెలుసుకోండి.* ఉడికించిన కోడిమాంసం, పనీరు, క్యారెట్ వంటివి వేలిగోరంత ముక్కలు చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కలకు విషం.

*ముద్ర వేసే మాట.* ‘భేష్’ లాంటి చిన్న మాట ఒకటి ఎంచుకోండి. మొదటిరోజు పనేమీ అడగకండి. భేష్ అనండి, ముక్క పెట్టండి. పదిసార్లు. తర్వాత సరైన పని చేసిన క్షణంలోనే ఆ మాట రావాలి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి.

*అయిదు నిమిషాలు.* రోజుకు రెండు మూడుసార్లు, అయిదేసి నిమిషాలు. జంతువు విసుగెత్తకముందే, గెలిచిన చోటే ఆపండి.

*పిలిస్తే రావడం.* పారిపోయిన కుక్క అరగంటకు తిరిగొస్తే తిట్టకండి. పారిపోయినందుకు తిట్టామని మనం అనుకుంటాం. వచ్చినందుకు తిట్టారని అది అనుకుంటుంది.

*మూత్రం పోసిన చోట ముక్కు రాయకండి.* ఎప్పుడో చేసిన పనికి ఇప్పటి శిక్షకు లంకె దానికి అందదు. మీకు కనబడకుండా పోయాలని మాత్రం నేర్చుకుంటుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడిన తర్వాత బయటికి తీసుకెళ్లండి. అక్కడ పోస్తే అక్కడే ముక్క పెట్టండి.

*దీపావళి.* టపాసుల భయం పండగ రోజు తగ్గదు. కొన్ని వారాల ముందే టపాసుల శబ్దాన్ని ఫోనులో వినీ వినిపించనంత చిన్నగా పెట్టి, అది వినిపించినప్పుడల్లా ముక్క వేయండి. చెవులు వెనక్కి వాలితే శబ్దం మళ్లీ తగ్గించండి. పండగనాడు తలుపులు మూసి, దాక్కునే మూల ఒకటి వదిలేయండి. మరీ వణికిపోయే కుక్కను ముందే పశువైద్యునికి చూపించండి.

*కాదన్నప్పుడు వినండి.* తల తిప్పేసుకోవడం, పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ఒళ్లు బిగదీయడం. ఇవన్నీ కరవడానికి ముందు చెప్పే మర్యాద మాటలు. గుర్రుమన్నందుకు కొడితే, తర్వాతిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

అయిదో ఏనుగు

అన్నింటికంటే కష్టమైన పరీక్ష ఏనుగు దగ్గర. మూడు నాలుగు టన్నుల జంతువును దయతో నడపడం కథల్లో కుదురుతుంది కానీ కాలి కింద పడే మావటికి కుదురుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆసియాలో ఏనుగు శిక్షణ చరిత్రలో చాలా భాగం నొప్పితోనే రాసి ఉంది. థాయ్‌లాండ్‌లో గున్నను బోనులో బిగించి దాని మనసు విరిచే ఆచారానికి ‘ఫాజాన్’ అని పేరే ఉంది. మన దక్షిణాదిలో అడవి నుంచి పట్టి తెచ్చిన ఏనుగును ‘క్రాల్’ అనే దుంగల బోనులో ఉంచుతారు.

ఆ బోను దగ్గర కూడా రెండు దారులున్నాయి. ముదుమలై తెప్పకాడు శిబిరంలోని మూర్తి కథ నీలగిరుల్లో అందరికీ తెలుసు. ఎందరి ప్రాణాలనో తీసిన దంతాల్లేని మగ ఏనుగు అది. 1998లో పట్టి తెచ్చారు. ఏనుగుల వైద్యుడు డాక్టర్ కృష్ణమూర్తి పేరే దానికి పెట్టారు. మావటుల సాకుడుతో శిబిరంలోని నెమ్మదైన ఏనుగుల్లో ఒకటైంది. ఆ శిబిరం నుంచే రఘు, అమ్ము అనే అనాథ గున్నలను పెంచిన బొమ్మన్, బెళ్లి దంపతుల కథ డాక్యుమెంటరీగా వచ్చి 2023లో ఆస్కార్ గెలిచింది. ఆ చిత్రంలో అంకుశం కంటే ఎక్కువసేపు కనిపించేది అన్నం ముద్ద.

ఇది మనకు దూరపు కథ కాదు. చిత్తూరు జిల్లా రైతులకు అడవి ఏనుగుల బెడద ఏళ్లనాటిది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు కుంకీ ఏనుగులను అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది. పొలాల మీదికి వచ్చిన అడవి గుంపును వెనక్కి మళ్లించడం కుంకీల పని. మావటి మాట మీద నమ్మకం లేని ఏనుగు ఎదుట మదించిన మగ ఏనుగు నిలబడితే ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. అక్కడ కూడా పనికొచ్చేది ఎలుక దగ్గర పనికొచ్చిందే.

ఏనుగు దగ్గర అది నిజంగా పనిచేస్తుందా అని నేపాల్‌లోని చిత్వన్ ఏనుగుల మీద చూసిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. ఏనుగులకు క్షయ వస్తుంది. దాన్ని కనిపెట్టాలంటే తొండంలోకి ఉప్పునీరు పోయాలి, ఏనుగు తొండం ఎత్తి ఆ నీటిని కాసేపు నిలపాలి, తర్వాత పాత్రలోకి ఊదాలి. తొండం ఏనుగుకు ముక్కు, చెయ్యి రెండూ. అందులో ఎవరో నీళ్లు పోస్తానంటే ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. పరిశోధకులు అయిదు ఆడ ఏనుగులను తీసుకున్నారు. నాలుగు చిన్నవి, ఒకటి పెద్దది. అంకుశం వాడలేదు, శిక్ష లేదు. చిన్న చిన్న అంచెలు, సరిగ్గా చేసినప్పుడు తిండి. ఒక్కో పాఠం సగటున పన్నెండు నిమిషాలు. నాలుగు చిన్న ఏనుగులూ 25 నుంచి 35 పాఠాల్లో మొత్తం నేర్చేసుకున్నాయి. పదో పాఠం నాటికి అడిగినవాటిలో 39 శాతం సరిగ్గా చేసిన ఏనుగులు, ముప్పై అయిదో పాఠం నాటికి 89 శాతం చేశాయి. రోజుకో సినిమా పాటంత సమయం రెండు మూడుసార్లు కేటాయించినా కొద్ది వారాల్లో అయిపోయే చదువు.

అయిదోది, పెద్ద ఏనుగు, నేర్చుకోలేదు.

దయతో నేర్పితే ప్రతి జంతువూ మాట వింటుందని చెప్పే కథనాల్లో ఈ ఏనుగుకు చోటు దొరకదు. కానీ మచ్చిక అన్న మాటకు అసలు పరీక్ష ఇదే. లొంగదీసే మనిషికి జంతువు వినకపోవడమంటే తిరుగుబాటు, దానికి జవాబు దెబ్బ. మచ్చిక చేసుకునే మనిషికి అది ఒక సమాచారం. మెట్టు పెద్దదైందేమో. పాత భయం ఏదైనా ఉందేమో. ఒంట్లో బాగాలేదేమో. లేక ఇది దానికి కుదరని పనేమో. చిత్వన్‌లో ఆ అయిదో ఏనుగు నేర్చుకోలేదన్న సంగతి పరిశోధన పత్రంలో ఒక వరుసగా మిగిలింది. దాని చెవి వెనక అంకుశం గాటుగా మిగల్లేదు.